అప్‌డేట్: 'హిల్ స్ట్రీట్ బ్లూస్' వరుసగానే చూస్తున్నాను
1981లో మొదలైన ఈ అమెరికన్ పోలీసు ధారావాహిక డీవీడీల్లో నచ్చిన భాగాలే చూడాలా, వరుసగా చూడాలా అని అడిగాను కదా. వరుసగానే చూడమన్నారు. మీ మాట వినడం ఎంత మంచిదైందో! ఒక భాగంలో తలెత్తిన చిక్కు తర్వాతి భాగాల దాకా సాగుతుంది, మధ్యలో దూకితే దారం తెగుతుంది. ఉదయపు రోల్ కాల్‌లో, అంటే డ్యూటీకి ముందు పోలీసులంతా హాజరయ్యే సమావేశంలో, ఒకరి మాట మీద మరొకరి మాట పడుతుంటే కెమెరా వాళ్ల మధ్యే తిరుగుతుంది. ఆ సందడి నాకు ఇప్పటికీ పాతబడలేదు. సార్జెంట్ ఎస్టర్‌హాస్‌గా నటించిన మైకేల్ కాన్రాడ్ 1983లో మరణించారు. కథలో ఆ పాత్రకు వీడ్కోలు పలికిన రాత్రి మరో డిస్కు పెట్టబుద్ధి కాలేదు.

బొమ్మను 4:3 కొలతలోనే (పాత టీవీల వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) ఉంచండి, సాగదీస్తే ముఖాలు వెడల్పవుతాయి. ఏడు సీజన్లలో నాలుగు పూర్తయ్యాయి.