బొటనవేలు, మోకాలు, ముంజేయి: కదలికల పేర్ల దగ్గర తికమక, వైవాలోపు ఎవరైనా చెప్పండి

ప్రశ్న (ఫిజియో మొదటి సంవత్సరం, గుంటూరు)

అందరికీ నమస్కారం. వచ్చే వారం అనాటమీ వైవా (నోటి పరీక్ష) ఉంది. ఇంటర్ దాకా తెలుగు మీడియం నాది. ఫ్లెక్షన్ (మడవడం), ఎక్స్‌టెన్షన్ (చాపడం), అబ్డక్షన్ (దూరం జరపడం), అడక్షన్ (దగ్గరకి తేవడం) అన్నీ బట్టీ పట్టాను గానీ ఎదురుగా మనిషిని పెట్టి అడిగితే నోరు పెగలడం లేదు. పేషెంట్ బోర్లా పడుకుని మోకాలు మడిస్తే పాదం పైకి లేస్తుంది కదా, దాన్ని ఫ్లెక్షన్ అని ఎందుకంటారు? భుజం, తుంటి అయితే ముందుకి వస్తేనే ఫ్లెక్షన్ అన్నారు మరి. ముంజేయి తిప్పే సుపినేషన్, ప్రొనేషన్ ఎప్పుడూ తారుమారవుతున్నాయి. ఇక బొటనవేలు అయితే బొమ్మ చూసినా బుర్రకెక్కడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (ఫిజియోథెరపిస్ట్, విజయవాడ)

తమ్ముడూ, ముందు పుస్తకం మూసి లేచి నిలబడు. పాదాలు ముందుకి, చేతులు పక్కకి వేలాడుతూ, అరచేతులు మాత్రం ఎదుటివాళ్లకి కనపడేలా పెట్టు. ఇదే అనాటమికల్ పొజిషన్. పేషెంట్ వెల్లకిలా సుపైన్‌లో ఉన్నా, బోర్లా ప్రోన్‌లో ఉన్నా, పక్కకి ఒత్తిగిలి ఉన్నా సరే, ఇలా నిలబడి ఉన్నాడనుకునే కదలిక పేరు చెప్పాలి. గదిలో పైన, కింద అనేవి లెక్కలోకి రావు. నువ్వు పాదం సీలింగ్ వైపు లేచిందని చూస్తున్నావు, చిక్కంతా అక్కడే. పిక్క తొడ వెనక భాగానికి దగ్గరవుతోంది, మధ్యలో కోణం తగ్గుతోంది, కాబట్టి ఫ్లెక్షన్.

మోకాలు ఒక్కటే వెనక్కి ఎందుకు మడుస్తామని కూడా అడుగుతారు. తల్లి కడుపులో రెండో నెలలో చేయి బయటివైపుకి, కాలు లోపలివైపుకి దాదాపు 90 డిగ్రీలు తిరుగుతాయి. అందుకే మోచేయి ముందుకి మడత పడితే మోకాలు వెనక్కి పడుతుంది.

సుపినేషన్‌కి, గుడిలో తీర్థం పట్టడానికి చేయి ఎలా చాపుతావో గుర్తుపెట్టుకో, అరచేయి పైకి ఉంటుంది. అదే చేయి బోర్లిస్తే ప్రొనేషన్. కానీ పరీక్షించేటప్పుడు మోచేతిని 90 డిగ్రీలు మడిచి నడుముకి ఆనించే తిప్పించు, ఎందుకంటే చేయి బారుగా చాపి తిప్పితే భుజం కూడా తిరిగిపోతుంది, ఆ తిరుగుడంతా ముంజేతి ఖాతాలో రాసేస్తాం. నీ చేతి మీదే చూడు. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు ఎముక మీద రెండో చేతి వేళ్లు పెట్టి మెల్లగా బోర్లించు. ఆ ఎముక, అంటే రేడియస్, చిటికెనవేలి వైపు ఎముక అల్నా మీదుగా అడ్డంగా దాటుకుని రావడం వేళ్లకి తెలుస్తుంది. కుడిచేత్తో స్క్రూ బిగించేటప్పుడు జరిగేది సుపినేషన్, ఆ సమయంలో బైసెప్స్ (మోచేతి పైన ముందువైపు కండ) మీద చేయి వేస్తే అది గట్టిపడుతూ ఉంటుంది.

బొటనవేలికి గోరు చూడు చాలు. మిగతా నాలుగు గోళ్లు వెనక్కి చూస్తుంటే ఇది పక్కకి చూస్తోంది. వేలే తిరిగి ఉంది కాబట్టి దాని కదలికల దిశలూ తిరిగాయి. అరచేయి పైకి ఉండేలా చేతిని బల్ల మీద పెట్టి బొటనవేలిని అరచేతికి అడ్డంగా చిటికెనవేలి వైపు జరిపితే ఫ్లెక్షన్, బయటికి చాపితే ఎక్స్‌టెన్షన్. సీలింగ్ వైపు నిటారుగా లేపితే అబ్డక్షన్, దించి చూపుడువేలి పక్కన ఆనిస్తే అడక్షన్. ముగ్గుపిండి చిటికెడు పట్టినప్పుడు దాని కొన మరో వేలి కొనకి ఎదురుగా వస్తుంది చూడు, అది ఆపోజిషన్.

ప్రశ్న అడిగినవారు

అక్కా, చాలా థాంక్స్, బొటనవేలు ఇన్నాళ్లకి అర్థమైంది. ఇంకొక్కటి. అబ్డక్షన్ అంటే శరీరం మధ్యగీత నుంచి దూరం జరగడం కదా, నువ్వు చెప్పినట్టు నిలబడి చిటికెనవేలు విడదీస్తే అది తొడ వైపుకే వస్తోంది?

జవాబు (ఫిజియోథెరపిస్ట్, విజయవాడ)

మంచి డౌట్. వేళ్ల దగ్గర శరీరం మధ్యగీత చూడరు, చేతికి మధ్యవేలే గీత, కాలికి రెండో వేలు. దాని నుంచి దూరం జరిగితే అబ్డక్షన్. మధ్యవేలు తనే ఎటు కదిలినా అబ్డక్షనే, ఇది వైవాలో ఇష్టంగా అడిగే ప్రశ్న.

జవాబు (నర్సింగ్ ట్యూటర్, గుంటూరు)

మేడమ్ గారు బాగా చెప్పారు. చీలమండ గురించి ఒక మాట బాబూ, అక్కడ ఉత్త ఫ్లెక్షన్ అనకు. పాదం పైకి లాగితే డార్సిఫ్లెక్షన్, కిందికి నొక్కితే ప్లాంటార్‌ఫ్లెక్షన్ అని పూర్తిగా చెప్పు. రోడ్డు మీద గుంటలో కాలు పడి పాదం లోపలికి మడత పడేది ఇన్వర్షన్, మామూలు బెణుకుల్లో ఎక్కువ ఇదే, అందుకే నొప్పి చీలమండ బయటి వైపు ఉంటుంది. హాస్టల్లో నేల మీద మఠం వేసుకుని కూర్చున్నప్పుడు తుంటి దగ్గర ఏమేం జరుగుతున్నాయో పైకే చెప్పుకో: ఫ్లెక్షన్, అబ్డక్షన్, బయటికి రొటేషన్, మూడూ ఒకేసారి.

చేయి పక్క నుంచి తల పైదాకా లేపే 180 డిగ్రీలూ భుజం కీలువే అనుకోకు, సుమారు 120 ఆ కీలుది, 60 భుజపుటెముక తిరగడం వల్ల వచ్చేది. రూమ్మేట్‌ని చొక్కా తీసి చేయి మెల్లగా లేపమని వెనక నిలబడి చూడు, మొదట్లో ఆ ఎముక పెద్దగా కదలదు, 30 డిగ్రీలు దాటాక దాని కింది కొన బయటికి జరగడం స్పష్టంగా కనిపిస్తుంది.