అట్రాక్టాస్పిస్ పింజరి జాతేనా?

మట్టిమనిషి:
టాంజానియా తోటల్లో పన్నెండేళ్లు పనిచేశాను. అక్కడ మట్టిలో తిరిగే సన్నటి నల్లపాము అట్రాక్టాస్పిస్. పాత పుస్తకాల్లో 'మోల్ వైపర్' అని పింజరి కుటుంబంలోనే వేశారు. ఇప్పుడేమో కాదంటున్నారు. నోటి ముందు అంత పొడవు కోరలు, అవీ కదిలేవి. పింజరి కాకపోతే ఇంకేంటి?

పొలుసు:
కోర ఒక్కటే చూస్తే ఎలా అండి? రక్తపింజరి తల మీద చిన్న చిన్న పొలుసులుంటాయి. దీనికి పలకల్లాంటి పెద్దవి.

మట్టిమనిషి:
ఆఫ్రికా నైట్ ఆడర్ తల మీదా పెద్ద పలకలే. అది పింజరి కాదా మరి?

పొలుసు:
ఆ పాయింటు మీదే, ఒప్పుకుంటున్నా. కానీ 1968లోనే పుర్రెలు పోల్చి, దీన్ని జెర్రులు తినే అపరలాక్టస్ అనే పాముల పక్కన చేర్చారు. తర్వాత డీఎన్ఏ కూడా అదే చెప్పింది. అపరలాక్టస్‌కి కోరలు వెనక ఉంటాయి, దీనికి ముందు. అయినా రెండూ దగ్గరి చుట్టాలే.

కలుగు:
హోమోరోసెలాప్స్ అనే ఆఫ్రికా పాముదీ ఇదే కథ. ముందు కోరలు చూసి తాచు కుటుంబంలో వేశారు, తర్వాత ఇటు తెచ్చారు.

మట్టిమనిషి:
కోరల సంగతి తేల్చమంటే చుట్టరికాలు చెబుతారేంటి!

పొలుసు:
వర్గీకరణ అంటేనే చుట్టరికం. అరిచినంత మాత్రాన మారదు.

మట్టిమనిషి:
మీరు పుర్రెలు చూసుకోండి, నేను చెయ్యి చూశాను. మా తోటలో కుర్రాడికి 'ఏం చేయదు, తీసి పారెయ్' అన్నారు. తల వెనక గట్టిగానే పట్టుకున్నాడు. అది నోరే తెరవలేదు. పెదవి పక్క నుంచి ఒక్క కోర బయటపెట్టి, వెనక్కి లాగుతూ చూపుడు వేలిలో దించింది. సాయంత్రానికి మోచేతి దాకా వాపు. తర్వాత వేలి కొస నల్లబడితే తీసేశారు. పింజరి అని తెలిస్తే ముట్టుకునేవాడా?

కలుగు:
అయ్యో.

పొలుసు:
చాలా బాధగా ఉందండి. కానీ పింజరి అనుకుంటే ఆసుపత్రిలో పింజరి యాంటీవెనమ్ ఎక్కిస్తారు. దీనికి అది పనిచేయదు, దీనికంటూ వేరే యాంటీవెనమ్ కూడా లేదు. ఈ పాముల విషంలో సారాఫోటాక్సిన్లు ఉంటాయి, గుండె రక్తనాళాలను బిగించేస్తాయి. పింజరుల విషంలో అవి ఉండవు. అందుకే ఆ పేరు వద్దంటున్నా.

మట్టిమనిషి:
సరే, పేరు తీసేయండి. దాంతోపాటు భయం కూడా పోయింది కదా? తోటలో వాడికి ఎవరు చెబుతారు? నా గొడవంతా అదే.

పొలుసు:
మీరేమైనా చేశారా?

మట్టిమనిషి:
షెడ్డు గోడ మీద స్వాహిలీలో రాయించాను. పాము బొమ్మ కూడా వేయించాను, మూసిన నోటి పక్క నుంచి కోర బయటికొచ్చినట్టు.