చలికాలం సలాడ్ కోసం వేసిన మాష్ (కార్న్ సలాడ్ అనే ఆకుకూర) మొలవట్లేదు, ఏం చేయాలి?

మంచు పడినా తట్టుకునే అడవి ఆకుకూరలు చలికాలమంతా పచ్చిగా సలాడ్‌లో తినాలని మాష్, క్లేటోనియా విత్తనాలు చల్లాను. క్లేటోనియా బాగానే వచ్చింది, ఇప్పుడు గడ్డిపోచల్లాంటి సన్నటి ఆకులతో ఉంది, చూస్తుంటేనే ముద్దొస్తోంది. మాష్ మాత్రం మూడు వారాలైనా పదింట ఒక్కటే మొలిచింది. నేల వెచ్చగా ఉంటే ఆ విత్తనం సరిగ్గా మొలవదంటారు, నేనేమో ఎండలు తగ్గకముందే తొందరపడి చల్లేశాను, తప్పు అక్కడే జరిగిందా? ఇప్పుడు మళ్లీ చల్లితే, పగటి వెలుతురు 10 గంటల కంటే తగ్గి ఎదుగుదల ఆగిపోయేలోపు కోసుకునేంత ఆకు వస్తుందా, లేక వసంతం దాకా ఆగాల్సిందేనా? విత్తనాలు ముందు ఫ్రిజ్‌లో పెట్టి చల్లినవాళ్లు ఉంటే ఎన్ని రోజులు పెట్టారో కాస్త చెప్పండి ప్లీజ్.