యెరూషలేము గోడ దగ్గర స్త్రీల ప్రార్థన: వేరే చోటుకు ఒప్పుకోవలసిందా?

వేకువచుక్క (చర్చ ప్రారంభం)

మా పిన్ని కొన్నేళ్ల క్రితం గుంటూరు నుంచి ఒక బృందంతో యెరూషలేము యాత్రకు వెళ్లినప్పుడు, యూదుల పురాతన దేవాలయ ప్రాంగణానికి చెందిన పడమటి గోడ దగ్గర కొందరు స్త్రీలు గొంతెత్తి కీర్తనలు పాడుతుంటే మరికొందరు స్త్రీలే ఈలలు ఊదుతూ వారికి అడ్డు తగలడం చూసి బిత్తరపోయారట. "వాళ్లూ యూదులే, వీళ్లూ యూదులే, అందరూ ఆడవాళ్లే, అందరి చేతుల్లోనూ ఉన్నది కీర్తనల పుస్తకమే కదా, మరి గొడవ దేనికి?" అని ఆవిడ అడిగిన ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర సమాధానం లేదు. తరువాత చదివి తెలుసుకున్నది ముందుగా ఇక్కడ పెట్టి, అసలు ప్రశ్నను మీ ముందు ఉంచుతున్నాను.

1988 డిసెంబరు 1న, యెరూషలేములో యూదు స్త్రీవాదుల అంతర్జాతీయ సదస్సు జరుగుతున్న రోజుల్లో, దాదాపు 70 మంది స్త్రీలు మోషే అయిదు గ్రంథాలున్న ఒక తోరా చుట్టను మోసుకుంటూ ఆ గోడ దగ్గరి స్త్రీల భాగానికి వెళ్లి, అక్కడ కలిసి ప్రార్థించి, తోరా చదివారు. దీన్ని తలపెట్టిన రివ్కా హౌట్ బ్రూక్లిన్‌కు చెందిన సనాతన (ఆర్థడాక్స్) శాఖ యూదు స్త్రీ అన్న సంగతిని చాలామంది మరచిపోతారు. స్త్రీల, పురుషుల భాగాల మధ్యనున్న అడ్డుతెరకు ఇటు నుంచీ అటు నుంచీ తిట్లు వచ్చాయి. అక్కడి నుంచే 'గోడ మహిళలు' అనే బృందం పుట్టింది. ప్రతి నెలపొడుపు నాడు, అంటే హీబ్రూలో రోష్ హోదెష్ అని పిలిచే రోజున, వారు అక్కడ కలుస్తారు. బంగారు దూడను చేయడానికి స్త్రీలు తమ నగలు ఇవ్వలేదు కాబట్టి వారికి ఆ రోజు పండుగగా దక్కిందని యూదుల సంప్రదాయం చెబుతుంది. మన తెలుగు బైబిలు 'అమావాస్య' అన్నది ఈ రోజునే.

1989 చివరకు ఇజ్రాయెల్ ప్రభుత్వం, "ఆ చోటి ఆచారానికి" భిన్నంగా, ఇతరుల మనసు నొచ్చేలా అక్కడ పూజాదికాలు జరపడం నేరమని నిబంధన తెచ్చింది. వ్యవహారం ఏళ్ల తరబడి సుప్రీంకోర్టులో నలిగింది. 2000లో తీర్పు స్త్రీల పక్షాన వచ్చింది. 2003లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, అయిదుగురు ఒకవైపు నలుగురు మరోవైపు ఉండగా, అదే గోడ దక్షిణపు కొసన పురావస్తు ప్రాంతంలో ఉన్న రాబిన్సన్ ఆర్చి దగ్గర పన్నెండు నెలల్లో సరైన వసతి కల్పిస్తే ప్రార్థనను అక్కడికి మార్చవచ్చని చెప్పింది. 2016 జనవరిలో ఆ చోటును పెంచి, ఉమ్మడి ప్రవేశద్వారం పెట్టే ఒప్పందానికి మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 2017 జూన్‌లో అదే మంత్రివర్గం దాన్ని పక్కన పెట్టేసింది.

ఇక ప్రశ్న. ఈ స్త్రీలు గోడ ముందున్న స్త్రీల భాగంలోనే ప్రార్థిస్తామని పట్టుబట్టడం సరైనదా, లేక రాబిన్సన్ ఆర్చికి మారడం సంఘానికి మేలా? పట్టుబట్టడమే సరైనదని నా నమ్మకం. కాదనేవారి మాట వినాలన్న కోరికతోనే దీన్ని ఇక్కడ పెట్టాను.

పాత పుటలు

వేకువచుక్క గారూ, చరిత్రను నిష్పక్షపాతంగా ఇచ్చారు, సంతోషం. అయినా మీ నమ్మకంతో నేను ఏకీభవించలేను.

ఆ గోడ దగ్గరికి నెలకొకసారి వచ్చేవారూ ఉన్నారు, రోజూ వచ్చేవారూ ఉన్నారు. రోజూ వచ్చి, రాళ్లకు నుదురు ఆనించి, కడుపున పుట్టినవారి కోసం కీర్తనలు చదువుకునే స్త్రీలలో అత్యధికులు సంప్రదాయ కుటుంబాల వారే. స్త్రీలు బిగ్గరగా తోరా చదవడం, పురుషులు ధరించే తలీత్ అనే ప్రార్థనా వస్త్రాన్ని భుజాన వేసుకోవడం వారి ప్రార్థనకు భంగం కలిగిస్తుందన్నప్పుడు, ఆ బాధను లెక్కలోకి తీసుకోకుండా హక్కును గురించి మాత్రమే మాట్లాడడం నాకు న్యాయంగా తోచదు. రాబిన్సన్ ఆర్చి దగ్గరున్నదీ అదే గోడ, ఆ రాళ్లు కూడా రెండవ దేవాలయం నాటివే. అక్కడ వారిని ఎవరూ అరెస్టు చేయరు. 2016 ఒప్పందం ప్రకారం ఆ చోటు పాలకమండలిలో సనాతనేతర శాఖలకు కూడా స్థానం దక్కేది. యూదులకు బయటి నుంచి వచ్చే శత్రుత్వం ఏ కాలంలోనూ తక్కువ కాలేదు. అలాంటి జాతికి ఇంట్లో రాజీ అవసరమని, రాజీ కుదిర్చిన వారిని ఓడినవారిగా చూడకూడదని నా అభిప్రాయం.

నిజామాబాదు ఆడపడుచు

నేను యెరూషలేములో పదకొండేళ్లుగా కేర్‌గివర్‌గా పని చేస్తున్నాను. నేను చూసుకునే పెద్దావిడ మొరాకోలో పుట్టి చిన్నతనంలోనే ఈ దేశం వచ్చారు. ఆవిడను ఇంటిల్లిపాదీ సవ్తా అంటారు, అంటే అమ్మమ్మ అని. నేనూ అలాగే పిలుస్తాను. నాకు మతశాస్త్రం తెలియదు, కళ్లారా చూసినది మాత్రం చెబుతాను.

సోమవారాలు, గురువారాలు తోరా చదివే రోజులు కాబట్టి, పదమూడేళ్లు నిండిన మగపిల్లలు మతపరంగా పెద్దవారయ్యారని గుర్తించే బార్ మిత్స్వా జరపడానికి కుటుంబాలు గోడ దగ్గరికి వస్తాయి. పిల్లవాడు, తండ్రి, తాత పురుషుల వైపు ఉంటారు. తల్లి, అమ్మమ్మ, మేనత్తలు స్త్రీల వైపు ఉండిపోతారు. స్త్రీల భాగం చాలా చిన్నది, మధ్యలో అడ్డుతెర. కన్నకొడుకు మొదటిసారి తోరా చదువుతుంటే చూడాలి కదా, అందుకని తల్లులు అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీలను తెర పక్కకు లాక్కుని, వాటి మీద నిలబడి, మునివేళ్ల మీద లేచి అటువైపు తొంగి చూస్తారు. సవ్తా మనవడి బార్ మిత్స్వా నాడు ఆవిడ కోడలు అలా కుర్చీ మీద ఉంటే, కుర్చీ ఒరగకుండా కాళ్ల దగ్గర పట్టుకున్నది నేనే. చదవడం పూర్తి కాగానే ఆడవాళ్లు తెర మీదుగా మిఠాయిలు విసిరారు. సవ్తా చక్రాల కుర్చీలో కూర్చునే నాలుక ఆడిస్తూ ఎత్తుకున్న మంగళధ్వని ఆ ఆవరణ దాటి వినిపించి ఉంటుంది.

అప్పటి నుంచి నాకు ఒక సందేహం ఉండిపోయింది. ఆ ధ్వని ప్రతి సోమవారం, ప్రతి గురువారం పురుషుల వైపుకు వినబడుతూనే ఉంటుంది. దానికి ఎవరి ప్రార్థనా భంగం కాదు, ఎవరూ ఈల ఊదరు. అదే గొంతు తోరా వాక్యం చదివితే మాత్రం పోలీసులు ఎందుకు రావలసి వచ్చిందో పాత పుటలు గారు నాకు కాస్త వివరించగలరా?

కృష్ణాతీరం

శబరిమల తీర్పు వచ్చినప్పుడు మన దగ్గర జరిగిన వాదనే ఇదీను. ఆచారమా, సమానత్వమా అన్నదే ప్రశ్న కాబట్టి, అక్కడ ఏ పక్షం వహించామో ఇక్కడా అదే వహించాలి.

వేకువచుక్క

కృష్ణాతీరం గారూ, రెండూ ఒకటి కావు. శబరిమలలో ప్రశ్న ప్రవేశం గురించి. ఇక్కడ స్త్రీల ప్రవేశాన్ని ఎవరూ కాదనడం లేదు. లోపలికి వెళ్లిన స్త్రీ ఏమి ధరించాలి, ఎంత గొంతుతో చదవాలి, చేతిలో ఏ గ్రంథం పట్టుకోవాలి అన్నదే తగాదా. 2009 నవంబరులో నోఫ్రాత్ ఫ్రెంకెల్ అనే వైద్యవిద్యార్థినిని అదుపులోకి తీసుకున్నది తలీత్ ధరించినందుకు. 2012 అక్టోబరులో బృందం నాయకురాలు అనాత్ హాఫ్‌మన్‌ను అరెస్టు చేసినది "ఓ ఇశ్రాయేలూ, వినుము" అనే షెమాను బిగ్గరగా పలికినందుకు. యూదులు చిన్నప్పుడు మొట్టమొదట నేర్చుకునే, కన్నుమూసే వేళ పలకాలని కోరుకునే వాక్యం అది.

పాత పుటలు గారూ, రాజీ మంచిదేనన్న మీ మాటను నేనూ గౌరవిస్తాను. అయితే ఈ రాజీ ఎవరిని వదిలేస్తున్నదో చూడండి. యూదుల ధర్మశాస్త్రమైన హలాఖా ప్రకారం కద్దిష్ వంటి కొన్ని ప్రార్థనలకు పదిమంది కోరం, అంటే మిన్యాన్ ఉండాలి. సనాతన శాఖ ఆ పదిమందిలో స్త్రీలను లెక్కించదు, సనాతనేతర శాఖలైన రిఫార్మ్, కన్సర్వేటివ్ లెక్కిస్తాయి. గోడ మహిళలలో అన్ని శాఖల వారూ ఉన్నారు. అందరూ కలిసి ప్రార్థించాలంటే ఎవరో ఒకరు తగ్గాలి. తగ్గినవారు రిఫార్మ్, కన్సర్వేటివ్ స్త్రీలు. తమ ప్రార్థనామందిరాలలో ప్రతి వారం చెప్పుకునే ఆ భాగాలను, పక్కన నిలబడే సనాతన స్త్రీకి ఇబ్బంది కలగకూడదని, గోడ దగ్గర విడిచిపెట్టారు. సంఘీభావం అనే మాటకు నాకు తెలిసిన మంచి ఉదాహరణలలో ఇది ఒకటి. ఎదుటివారి నియమానికి తల వంచి, తమకు ప్రియమైనదాన్ని పక్కన పెట్టి, అయినా కలిసి నిలబడ్డారు.

రాబిన్సన్ ఆర్చి దగ్గర స్త్రీపురుషులు కలిసి ప్రార్థిస్తారు. అది రిఫార్మ్ స్త్రీకి సొంత ఇల్లు వంటిదే కావచ్చు. పురుషులు లేని చోట, హలాఖా గీత దాటకుండా, సాటి స్త్రీలతో తోరా చదువుకోవాలనుకునే సనాతన స్త్రీ అక్కడికి వెళ్లి ఏమి చేయాలి? ఆమెకు తగిన చోటు స్త్రీల భాగమే. అందుకే 2013లో బృందం పాలకమండలి రాబిన్సన్ ఆర్చికి మారే విషయమై చర్చలకు సరేనన్నప్పుడు తొలినాటి సభ్యులలో కొందరు విడిపోయి 'అసలు గోడ మహిళలు'గా నిలబడ్డారు. చోటు మారితే దూరం కొద్ది అడుగులే. ఆ కొద్ది అడుగుల్లోనే వేర్వేరు శాఖల స్త్రీలు కష్టపడి కట్టుకున్న పొత్తు చెదిరిపోతుంది.

పైగా "ఆ చోటి ఆచారం" అంటే ఏమిటి? ఇరవయ్యో శతాబ్దపు తొలినాటి ఫోటోలలో ఆ గోడ ముందు స్త్రీలూ పురుషులూ తెర లేకుండా ఒకే సందులో నిలబడి కనిపిస్తారు. 2013 ఏప్రిల్‌లో యెరూషలేము జిల్లా న్యాయమూర్తి మోషే సోబెల్ కూడా ఈ స్త్రీలు ఆచారాన్ని భంగపరచలేదనే తేల్చారు.

పాత పుటలు

ఫోటోల మాట నిజమే గాని, ఆ వాదన బలహీనమైనది. తెర లేకపోవడానికి కారణం యూదులు వద్దనుకోవడం కాదు, పరాయి పాలకులు పెట్టనివ్వకపోవడం. 1928లో ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ నాడు యూదులు తెర కట్టుకుంటే బ్రిటిష్ పోలీసులు వచ్చి బలవంతంగా పీకేశారు. అణచివేత వల్ల ఏర్పడిన పరిస్థితిని ఆచారం అనడం సరికాదు.

మిన్యాన్ గురించి మీరు చెప్పినది మాత్రం నేను ఇంతవరకు ఆలోచించని కోణం. రాబిన్సన్ ఆర్చి అందరికీ సరిపోతుందని నేను రాసినది తొందరపాటేనని ఒప్పుకుంటున్నాను.

అయినా ఒక మాట మిగిలింది. 2013 మే నెలలో రబ్బీల, అంటే యూదు మతగురువుల, పిలుపు మీద వేలాది మంది సంప్రదాయ యువతులు తెల్లవారకముందే వచ్చి స్త్రీల భాగాన్ని నింపేశారు. ఆ ఏడాదే ఇద్దరు స్త్రీలు 'గోడ కోసం మహిళలు' అనే సంస్థను స్థాపించి, మా తరఫున మాట్లాడే హక్కు మీకు ఎవరిచ్చారని గోడ మహిళలను అడిగారు. ఎవరో ఆడిస్తే ఆడే బొమ్మలుగా వీరిని కొట్టిపారేయడం అన్యాయం. ప్రార్థన ఎలా చేయాలో తమ పండితులు నేర్చుకున్నది బైబిలులోని హన్నా నుంచేనని వారికి తెలుసు. షిలోహులో బిడ్డ కోసం మొరపెట్టుకున్న హన్నా పెదవులు కదిలాయి గాని, స్వరం వినబడలేదు. తల్లుల నుంచి వచ్చిన ఆ మౌన ప్రార్థనను కాపాడుకుంటున్నామన్నది వారి భావన, అదీ సంఘం కోసం చేసే సేవే. ఆడపడుచు గారి ప్రశ్నకు కూడా నా జవాబు ఇదే: ఆనందధ్వని ఆచారంలో ఉంది, స్త్రీల తోరా పఠనం అక్కడ లేదు. ఇది పూర్తి జవాబు కాదని నాకూ తెలుసు.

వేకువచుక్క

హన్నాను చూసి తాగి ఉన్నదనుకుని మందలించిన ఏలీ, తన పొరపాటు తెలిసి, క్షేమంగా వెళ్లమని ఆమెను దీవించాడు. స్త్రీ ప్రార్థన తాను ఎరిగిన తీరులో లేనంతమాత్రాన అది తప్పు కాదని ఆ యాజకుడు నేర్చుకున్న చోటు కూడా అదే అధ్యాయం.

స్త్రీల పఠనం ఆచారంలో లేదన్నారు. యూదు పండితుల ప్రాచీన చర్చల గ్రంథమైన తాల్మూదులోని మెగిల్లా భాగం, విశ్రాంతి దినాన తోరా చదివే ఏడుగురిలో స్త్రీని కూడా లెక్కించవచ్చని చెప్పి, సభ గౌరవం దృష్ట్యా చదవకూడదని ఆ వెంటనే ఆపింది. అంటే అర్హత లేదనలేదు. పురుషుల సభలో వచ్చే గౌరవ ప్రశ్న, అందరూ స్త్రీలే ఉన్న చోట ఎలా వస్తుంది? పురుషుల వైపు ఎవరైనా తీసి చదువుకోవడానికి తోరా చుట్టలు ఎన్నో ఉంచి, స్త్రీల వైపుకు ఒక్కటైనా ఇవ్వకపోవడానికి ఆ వాక్యం చాలదు. 2014లో పన్నెండేళ్ల అమ్మాయి చిట్టి తోరా చుట్టను రహస్యంగా లోపలికి తెచ్చిన పెద్దల నడుమ నిలబడి, భూతద్దంతో అక్షరాలు వెతుక్కుంటూ తన బాత్ మిత్స్వా (ఆడపిల్లలకు జరిపే బార్ మిత్స్వా వంటి వేడుక) పఠనం చేయవలసి వచ్చింది.

మీరు చెప్పిన ఆ యువతులను నేను బొమ్మలు అనను. వారి మౌన ప్రార్థనకు చోటు తప్పక ఉండాలి. నెలకొక ఉదయం, ఒక గంట సేపు, ఆ పక్కనే ఈ గొంతులకు కూడా చోటు ఉండాలని మాత్రమే కోరుతున్నాను.

నిజామాబాదు ఆడపడుచు

పాత పుటలు గారూ, పూర్తి జవాబు కాదని మీరే అన్నారు కాబట్టి ఇక అడగను.

సవ్తాకు గోడ మహిళలంటే ఇష్టం లేదు. ఆడది తలీత్ వేసుకోవడమేమిటని చాలాసార్లు విసుక్కున్నారు. ఒక రోష్ హోదెష్ ఉదయం ఆవిడను తీసుకువెళ్లినప్పుడు వారు మాకు దగ్గరలోనే నిలబడి హల్లేల్ పాడుతున్నారు. హల్లేల్ అంటే పండుగనాడు పాడే స్తుతికీర్తనలు, 113 నుంచి 118 వరకు. మా పక్కనున్న పదహారేళ్ల పిల్ల ఒకతె ప్లాస్టిక్ ఈల తీసి చెవులు పగిలేలా ఊదసాగింది. సవ్తా చక్రాల కుర్చీలో నుంచి చెయ్యి చాపి ఆ పిల్ల మణికట్టు పట్టుకుని, "హల్లేల్ జరుగుతుంటే ఈల వేస్తారా, నీకు ఇంట్లో ఎవరు నేర్పారు?" అన్నారు. ఆ పిల్ల వాళ్ల వైపు చూపించి ఏదో చెప్పబోయింది. "వాళ్ల సంగతి వాళ్లూ దేవుడూ చూసుకుంటారు, పాట దావీదుది" అని సవ్తా ఈలను లాక్కుని నా చేతిలో పెట్టి, తన పుస్తకం తెరిచి, వాళ్లు ఎక్కడున్నారో విని ఆ పుట వెతుక్కున్నారు.