విశాఖ మద్దిలపాలెం: పై పోర్షన్‌లో గంజాయి అనుమానం, ఓనరు ఏం చేయాలి?

మేడమీద పోర్షన్:
మద్దిలపాలెంలో పై పోర్షన్ నలుగురు కుర్రాళ్లకిచ్చాం. అద్దె 14 వేలు. పదకొండు నెలల అగ్రిమెంటు పోయిన నెలతో అయిపోయింది. మళ్లీ రాసుకోలేదు గానీ అద్దె తీసుకున్నాం. రాత్రి పది దాటితే గంజాయి వాసనని పక్కింటివాళ్లు రెండుసార్లు చెప్పారు. తలుపు సందులో తువ్వాలు కుక్కి, అగరొత్తులు కట్టలకొద్దీ వెలిగిస్తున్నారు. మారుతాళం మా దగ్గరుంది, వాళ్లు లేనప్పుడు వెళ్లి చూడొచ్చా? కరెంటు తీసేస్తే వాళ్లే పోతారని ఒకరి సలహా. కేసైతే మా మీదకీ వస్తుందా అండి?

కోర్టువీధి:
తెలిసీ ఊరుకుంటే వస్తుంది. ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నిరోధక) చట్టం సెక్షన్ 25 ప్రకారం, తన ఇంట్లో నేరం తెలిసి జరగనిచ్చిన ఓనరుకి ఆ నేరానికున్న శిక్షే. గంజాయి కిలో లోపయితే ఏడాది వరకు జైలు, 20 కిలోలు దాటితే పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు. పైగా అదే చట్టం సెక్షన్ 35 వల్ల, తెలియదని నిరూపించుకునే బరువు మీ నెత్తినే పడుతుంది. పక్కింటివాళ్లు చెప్పాక ‘మాకేం తెలుసు’ అంటే నిలవడం కష్టం.

లోపలికి మాత్రం వెళ్లకండి. పొట్లం చేత్తో పట్టుకున్నారంటే, ‘ఓనరే పెట్టాడు’ అనడానికి వాళ్ల లాయరుకి దారి ఇచ్చినట్టే. కరెంటు తీయడం, తాళం వేయడం అసలొద్దు. బలవంతంగా వెళ్లగొడితే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు దావా వేసి మళ్లీ లోపలికొస్తారు.

సీతమ్మధార:
రాష్ట్ర పోలీసుల మత్తుమందుల నిరోధక విభాగం ఈగల్ టీము నంబరు 1972, మత్తుమందుల మీద ఫిర్యాదులకి కేంద్రం పెట్టిన మానస్ లైను 1933. సమాచారం ఎవరిచ్చారో చెప్పమని అధికారిని బలవంతపెట్టడానికి లేదు, ఎన్‌డీపీఎస్ సెక్షన్ 68. కానీ ఫోన్ ఒక్కటే చేస్తే రేపు మీ చేతిలో కాగితం ఉండదు. స్టేషన్‌లో ఫిర్యాదిచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. ‘అమ్ముతున్నారు’ అని రాయొద్దు. తేదీ, టైము, బండి నంబరు, వాసన సంగతి ఎవరు చెప్పారు, అంతవరకే.

తాగేవాళ్లు వేరు, సరుకు దాచేవాళ్లు వేరు. ఏజెన్సీ (మన్యం) నుంచి దిగిన సరుకు పెట్టే ఇంట్లో సామాన్లుండవు, పొయ్యి వెలగదు. బ్రౌన్ టేపు చుట్టిన ప్యాకెట్లు, ట్రాలీ బ్యాగులు, తెల్లారకముందే వెళ్లిపోయే కార్లు. అలాంటిదైతే కుర్రాళ్లతో ఒక్క మాటా అనకండి. సరుకు రాత్రికి రాత్రే మారిపోతుంది, చెప్పింది మీరేనని వాళ్లకి తెలిసిపోతుంది.

కోర్టువీధి:
గడువు తీరాకా అద్దె తీసుకున్నారు కాబట్టి ఇప్పుడది నెలవారీ అద్దె. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 కింద 15 రోజుల నోటీసు చాలు. నోటీసులో గంజాయి ఊసెత్తకండి, ఆ సంగతి ఫిర్యాదులో ఉంది కదా. అక్నాలెడ్జ్‌మెంటుతో స్పీడ్ పోస్టు చేయండి. చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు: నోటీసు గడువయ్యాక యూపీఐలో పడిన అద్దె ఉంచేసుకుంటారు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 113 ప్రకారం నోటీసు వదులుకున్నట్టే. పడిన రోజే తిప్పి పంపండి.

టూలెట్:
తాగడమే అయితే, నలుగురిలో ఒకడికే అలవాటు ఉండొచ్చు. వాళ్ల నాన్నగారికి చెప్పండి. మత్తుకి బానిసైనవాడు తనంతట తానే చికిత్సకి చేరితే ఎన్‌డీపీఎస్ సెక్షన్ 64ఏ కింద కేసు నుంచి రక్షణ ఉంది. మత్తు మాన్పించే సలహాకి 14446.

తాళాలు తీసుకునేముందు వాళ్ల ఎదుటే వీడియో తీస్తూ అటక, అలమరాలు, బాత్రూం ఫ్లష్ ట్యాంకు చూడండి. ఏదైనా మిగిలుంటే ముట్టుకోకుండా 112కి కొట్టండి. అడ్వాన్స్ లెక్క ఆ తర్వాతే.