బ్యాటరీ మార్చాక ఏసీ వేస్తే ఇంజిన్ ఆగిపోతోంది, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) రీసెట్ చేయించాలా?

సిటీ_పెట్రోల్:
హోండా సిటీ పెట్రోల్, 2015 మోడల్, మాన్యువల్, 78 వేలు తిరిగింది. నిన్న బ్యాటరీ మార్పించాను. అప్పటినుంచి సిగ్నల్ దగ్గర ఆర్‌పీఎం 500కి జారి బండి వణుకుతోంది, ఏసీ వేస్తే ఆగిపోతోంది. చెక్ ఇంజిన్ లైట్ వెలగలేదు. బ్యాటరీ 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తుంటే 14.2 చూపిస్తోంది. డ్రైవర్ వైపు అద్దం ఒక్క లాగుకి పైదాకా వెళ్లడం కూడా మానేసింది. స్కానర్ పెట్టి ఈసీయూ రీసెట్ చేయించాలి అంటున్నాడు బ్యాటరీ షాపతను. నెగటివ్ వైరు ఓ అరగంట తీసి పెడితే అదే రీసెట్ అవదా?

పదో_నంబర్_స్పానర్:
వైరు మళ్లీ పీకకండి అన్నా. రీసెట్ నిన్ననే అయిపోయింది, మీ తిప్పలన్నీ దానివల్లే. ఇప్పుడు కావాల్సింది బండికి ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) మళ్లీ నేర్పడం.

థ్రాటిల్ బాడీలో (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి) తెరుచుకుని మూసుకునే పళ్లెం అంచు చుట్టూ ఏళ్ల తరబడి జిడ్డు మసి పేరుకుంటుంది. గాలి దూరే సందు సన్నబడే కొద్దీ ఈసీయూ పళ్లేన్ని వెంట్రుకవాసి ఎక్కువ తెరుస్తూ, ఆ లెక్క గుర్తుపెట్టుకుంటుంది. కరెంటు పోగానే ఆ లెక్క పోయింది. ఇప్పుడది థ్రాటిల్ కొత్తగా ఉందనుకుని పళ్లేన్ని తక్కువ తెరుస్తోంది. గాలి చాలడం లేదు. పైన ఏసీ కంప్రెసర్ బరువు పడితే చేతులెత్తేస్తుంది. వోల్టేజీ బాగానే ఉంది, కొత్త బ్యాటరీని అనుమానించక్కర్లేదు.

స్కానర్ లేకుండా హోండాలో చేసే పద్ధతి ఇది. బండి ఆరుబయట పెట్టండి, మూసిన షెడ్‌లో వద్దు. ఏసీ, బ్లోయర్, లైట్లు, డీఫాగర్, ఫోన్ ఛార్జర్ అన్నీ ఆఫ్. గేరు న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్ వేయండి. ఇగ్నిషన్ ఆన్ చేసి 2 సెకన్లు ఆగి స్టార్ట్ చేయండి. యాక్సిలరేటర్ మీద 3000 ఆర్‌పీఎం నిలకడగా పట్టుకోండి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా (స్కానర్ ఉంటే కూలెంట్ 90 డిగ్రీలు వచ్చేదాకా). తర్వాత కాలు పూర్తిగా తీసేసి 5 నిమిషాలు ఐడిల్‌లో వదిలేయండి. ఈ మధ్యలో ఫ్యాన్ తిరిగితే అది తిరిగినంతసేపూ లెక్కలోకి రాదు. వేసవిలో ఫ్యాన్ పదేపదే తిరుగుతుంది కాబట్టి 5 నిమిషాలంటే గడియారంలో 8, 9 కూడా కావచ్చు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, ఫ్యాన్ వచ్చినప్పుడల్లా ఆపండి. స్టీరింగ్ తిప్పొద్దు, అదీ లోడే. మ్యాట్ ముడుచుకుని పెడల్‌కి తగులుతోందేమో చూసుకోండి. చాలాచోట్ల పని చెడేది అక్కడే.

అద్దానికి: స్విచ్ నొక్కి పట్టుకుని పూర్తిగా కిందికి దించి 2 సెకన్లు అలాగే ఉంచండి. తర్వాత పైకి లాగి, మూసుకున్నాక ఇంకో 2 సెకన్లు పట్టుకోండి. వీఎస్ఏ (బండి జారకుండా చూసేది) లేదా ఈపీఎస్ (పవర్ స్టీరింగ్) లైటు వెలిగి ఉంటే కంగారు పడొద్దు, 20 కిలోమీటర్ల వేగం దాటి కాస్త దూరం నడిపితే పోతుంది.

సిటీ_పెట్రోల్:
చేశాను. అద్దం సరిపోయింది. ఏసీ లేకుండా 650 దగ్గర నిలుస్తోంది. ఏసీ వేస్తే ఇంకా 550కి పడి లేస్తోంది. థ్రాటిల్ బాడీ ఇప్పటిదాకా విప్పలేదు.

గ్యారేజ్_మాట:
78 వేలకు ఒక్కసారీ తుడవకపోతే ఇంతే. నేర్చుకోవడానికీ ఓ హద్దుంటుంది, ఈసీయూ ఎంతని తెరుస్తుంది?

ముందు నెగటివ్ వైరు తీయండి, 10 ఎంఎం స్పానర్. (మీరడిగిన వైరు తీయడం ఇప్పుడు పనికొస్తుంది.) ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే గొట్టం క్లాంపు వదులు చేసి పక్కకు తీస్తే పళ్లెం కనిపిస్తుంది. థ్రాటిల్ క్లీనర్ స్ప్రే గుడ్డ మీద కొట్టి, ఆ గుడ్డతో పళ్లెం అంచునీ లోపలి గోడనీ తుడవండి. లోపలికి కుమ్మరిస్తే మోటారు, సెన్సార్ల వైపు పాకుతుంది. తాళం ఆన్‌లో ఉండగా పళ్లేన్ని వేలితో నెట్టొద్దు. వేలు నలుగుతుంది, ప్లాస్టిక్ గేరు పళ్లు విరిగితే బాడీ మొత్తం మార్చాలి.

తుడిచి, గొట్టం గట్టిగా బిగించి, వైరు పెట్టి పైన అన్న చెప్పినది మొదటినుంచి చేయండి. ఈ క్రమం తప్పితే ఇప్పటిదానికి రివర్స్ అవుతుంది: పాత లెక్క మిగిలిపోయి, శుభ్రమైన సందులోంచి గాలి ఎక్కువ దూరి ఐడిల్ వెయ్యి దాటి నిలబడుతుంది. గొట్టం దగ్గర లీకున్నా ఐడిల్ కుదురుగా నిలవదు.

ఫ్రిస్కో_తెలుగు:
అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక మాట. వైరు తీస్తే ఓబీడీ రెడీనెస్ మానిటర్లు (పొగను అదుపు చేసే భాగాలను బండి తనంతట పరీక్షించుకున్న గుర్తులు) కూడా చెరిగిపోతాయి. టెక్సస్‌లో డాలస్, కాలిన్ లాంటి కౌంటీల్లో ఎమిషన్స్ టెస్టుకు 2001, ఆ తర్వాతి పెట్రోల్ కార్లకు ఒక్క మానిటర్ వరకే పెండింగ్ ఒప్పుకుంటారు. ఈవాప్ (పెట్రోల్ ఆవిరి బయటికి పోకుండా చూసే భాగం) మానిటర్ అన్నిటికన్నా మొండిది: ట్యాంకు దాదాపు 15 నుంచి 85 శాతం మధ్య ఉండాలి, బండి రాత్రంతా చల్లబడాలి. రిజిస్ట్రేషన్ గడువు వారంలో ఉంటే బ్యాటరీ పని టెస్టు అయ్యాక పెట్టుకోండి, లేదా ఓబీడీ పోర్టుకు (స్కానర్ పెట్టే చోటు) మెమరీ సేవర్ (బ్యాటరీ తీసినా కరెంటు అందించేది) తగిలించి మార్చండి. సేవర్ ఉంటే పాజిటివ్ వైరులో కరెంటు ఉన్నట్టే, దాని కొసకు గుడ్డ చుట్టకపోతే బాడీకి తగిలి ఫ్యూజు పోతుంది.

పదో_నంబర్_స్పానర్:
అలాగే హ్యుందాయ్, కియాల్లో సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట ఆగే ఐఎస్‌జీ ఉన్న బండి అయితే, బ్యాటరీ మార్చగానే అది పనిచేయదు. ఇగ్నిషన్ ఆపి సుమారు 4 గంటలు వదిలేస్తే బ్యాటరీ సెన్సార్ కొత్త బ్యాటరీని కొలుచుకుంటుంది. తర్వాత రెండు మూడు సార్లు స్టార్ట్ చేసి ఆపాలి. అలాంటి బండికి ఏజీఎం (పదేపదే స్టార్ట్ అవ్వడాన్ని తట్టుకునే రకం) బ్యాటరీ వచ్చి ఉంటే మళ్లీ ఏజీఎమ్మే వేయండి, మామూలుది ఎక్కువ కాలం నిలవదు.