1650 తీసి 1050 టీఐ పెట్టినంక ఎన్విడియా డ్రైవర్ పట్టుకుంటలేదు (ఉబుంటు 24.04)

జగిత్యాల_లైవ్:

అన్నలందరికి నమస్తే. మాది జగిత్యాల. పెండ్లిళ్లకు లైవ్ ఇస్తం. రెండు కెమెరాలు, ఒక క్యాప్చర్ కార్డు, లైవ్ పంపే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్. దుబాయిల, మస్కట్‌ల ఉన్న అన్నదమ్ములు, బావలు ఆడ్నుంచే తలంబ్రాలు చూస్తరు. లైవ్ నిమిషం ఆగిందంటే నాకు ఫోన్ల మీద ఫోన్లు.

సిస్టం రైజెన్ 5 3600, బీ450 బోర్డు, 16 జీబీ ర్యామ్, ఉబుంటు 24.04. ఇన్ని రోజులు ఎన్విడియా జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు ఉండె. దాని ఫ్యాన్ ఆగిపోయి తెర మీద గీతలు వచ్చుడు షురువైతే రిపేరుకు ఇచ్చిన. అది వచ్చేదాక నడవాలె అని మా బావమరిది దగ్గర పాత 1050 టీఐ ఉంటే తెచ్చి పెట్టిన. 580 డ్రైవర్ అప్పటికే ఉన్నది కాబట్టి కొత్తగ ఏం ఎక్కియ్యలే.

తెర వచ్చింది గాని 1024 బై 768 కాడనే ఆగింది, వేరే రిజల్యూషన్ చూపిస్తనే లేదు. విండో పట్టి జరిపితే ఈడ్చుకుంట పోతది. సెట్టింగ్స్‌ల అబౌట్ తెరిస్తే గ్రాఫిక్స్ కాడ ఎల్‌ఎల్‌వీఎమ్‌పైప్ అని ఏందో ఉన్నది. కార్డు సంగతి చూపెట్టే ఎన్విడియా-ఎస్‌ఎమ్‌ఐ కమాండ్ కొడితే డ్రైవర్‌తోని మాట్లాడలేకపోయిన అని ఎర్రర్. ఓబీఎస్‌ల కార్డు మీద వీడియో ఎన్‌కోడ్ చేసే ఎన్‌వెంక్ మాయం, సీపీయూ మీద చేసే ఎక్స్264 ఒక్కటే మిగిలింది. దాంతోని 1080 పెడితే సీపీయూ నిండిపోయి ఫ్రేములు ఎగిరిపోతున్నయి.

ఈడ షాపాయన చూసి "కార్డు పోయింది, కొత్తది తీస్కో" అన్నడు. నిజంగనే పోయిందా? ఆదివారం పెండ్లి ఒప్పుకున్న. ఎవరన్న చెప్పుండ్రి.

గేమర్_కుర్రోడు:

బ్రో, సింపుల్. ఎన్విడియా సైట్‌కి వెళ్లి అన్నిటికంటే లేటెస్ట్ డ్రైవర్ రన్ ఫైల్ దింపుకుని టెర్మినల్‌లో రన్ చెయ్. అప్పటికీ కాకపోతే ఫార్మాట్ కొట్టి ఉబుంటు మళ్లీ ఎక్కించు.

పాత_మదర్‌బోర్డు:

తమ్ముడూ, నేను గుంటూరులో ఒక కాలేజీ ల్యాబు చూసుకుంటాను. రన్ ఫైల్ ఎక్కించిన మిషన్లు ఎన్ని నా టేబుల్ మీదకొచ్చాయో లెక్క లేదు, కాబట్టి ముందు ఒక మాట: దాని జోలికి పోకు. అది తన ఫైళ్లను నేరుగా సిస్టంలో పరిచేసి పోతుంది, ఉబుంటులో ప్యాకేజీలు చూసుకునే ఆప్ట్‌కి ఆ సంగతే తెలీదు. ఆ తర్వాత అప్‌డేట్‌లో కెర్నల్ (సిస్టం గుండెకాయ) మారిందా, డ్రైవర్ పాత కెర్నల్ దగ్గరే ఉండిపోతుంది. నీ సంగతి చూస్తే అది కచ్చితంగా పెళ్లి ముందురోజు రాత్రే జరుగుతుంది. పైగా "అన్నిటికంటే లేటెస్ట్" నీ కార్డుని అసలు గుర్తించదు. ఎన్విడియా కార్డుల్లో మాక్స్‌వెల్, పాస్కల్, వోల్టా అనే పాత తరాలకు 580 శాఖే ఆఖరు, 590 నుంచి వాటిని తీసేశారు. నీ 1050 టీఐ 2016 నాటి పాస్కల్.

ఇక షాపాయన మాట. బయోస్ లోగో కనపడుతోందా? డెస్క్‌టాప్ దాకా వస్తోందా? నీ 3600లో లోపల గ్రాఫిక్స్ లేదు. అంటే ఆ తెర మీద బొమ్మ వస్తున్నదంతా ఆ కార్డు నుంచే. చచ్చిన కార్డు 1024 బై 768 అయినా ఎలా చూపిస్తుంది? ఎల్‌ఎల్‌వీఎమ్‌పైప్ అంటే డ్రైవర్ లేక సీపీయూయే బొమ్మలు గీస్తోందని అర్థం. విండో ఈడ్చుకుపోవడానికి కారణం అదే. కార్డు కొనే డబ్బులు జేబులోనే ఉంచు.

మూడు కమాండ్లు కొట్టి ఏం వచ్చిందో ఇక్కడ పెట్టు. నా ఫోన్‌లో తెలుగు కీబోర్డే ఉంది, నువ్వు ఇంగ్లీషులో కొట్టుకో. ఒకటి, ఎల్‌ఎస్‌పీసీఐ మైనస్ కె: అందులో వీజీఏ అన్న చోట కింది లైన్లు కావాలి. రెండు, సుడోతో డీమెసేజ్ పెట్టి అందులో ఎన్‌వీఆర్‌ఎమ్ అన్న లైన్లు గ్రెప్ చెయ్యి. మూడు, మోడ్‌ఇన్ఫో ఎన్విడియా: దాంట్లో లైసెన్స్ అన్న ఒక్క లైను చాలు.

జగిత్యాల_లైవ్:

అన్నా, బయోస్ లోగో మంచిగనే వస్తుంది. నువ్వన్నవి కొట్టిన.

మొదటి దాంట్ల కార్డు పేరు జీపీ107, జీఫోర్స్ జీటీఎక్స్ 1050 టీఐ అని సక్కగ చూపిస్తుంది. దాని కింద 'కెర్నల్ మాడ్యూల్స్' అని ఎన్విడియాఎఫ్‌బీ, నోవో, ఎన్విడియా అన్ని పేర్లున్నయి. గాని 'కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్' అన్న లైనే లేదు. సౌండుకు మాత్రం ఉన్నది.

రెండో దాంట్ల పెద్ద లైన్ ఒకటి మళ్ల మళ్ల వస్తుంది. ఈ సిస్టంల ఉన్న జీపీయూ, ఐడీ 10డీఈ:1సీ82, దీన్ల జీఎస్‌పీ లేదు కాబట్టి ఓపెన్ ఎన్విడియా డాట్ కేఓ దీన్ని సపోర్ట్ చెయ్యదు అన్నట్టు ఉన్నది.

మూడో దాంట్ల లైసెన్స్: డ్యూయల్ ఎమ్‌ఐటీ/జీపీఎల్.

పాత_మదర్‌బోర్డు:

దొరికింది. నీ రెండో లైనే జబ్బు పేరు చెప్పేసింది, మూడోది దానికి సాక్ష్యం.

580 అన్న నంబరు చూసి ఒకటే డ్రైవర్ అనిపిస్తుంది కానీ, 580 ఇంటిపేరు మాత్రమే, ఆ ఇంట్లో అన్నదమ్ములిద్దరున్నారు. ఒకడు ఎన్విడియా-డ్రైవర్-580, వీడు పాతకాలపు, సోర్సు బయటపెట్టని మూసిన డ్రైవర్. రెండోవాడి పేరు చివర 'ఓపెన్' ఉంటుంది. ఎన్విడియా వాళ్లు తమ కెర్నల్ మాడ్యూళ్ల (డ్రైవర్‌లో కెర్నల్‌లోకి ఎక్కే భాగాలు) సోర్సును 2022 మేలో బయటపెట్టారు, వాడు అక్కణ్ణుంచి వచ్చినవాడు. మోడ్‌ఇన్ఫోలో లైసెన్స్ దగ్గర ఎమ్‌ఐటీ/జీపీఎల్ అని వచ్చిందంటే నీ దగ్గరున్నది ఓపెన్. మూసినదైతే అక్కడ 'ఎన్విడియా' అని ఒక్క మాటే ఉంటుంది.

ఓపెన్ మాడ్యూల్‌కి కార్డు మీద జీఎస్‌పీ అనే చిన్న ప్రాసెసర్ ఉండాలి. ఇదివరకు డ్రైవరే చేసే పనులు చాలావాటిని ఆ ప్రాసెసర్‌లో నడిచే ఫర్మ్‌వేర్‌కి అప్పజెప్పారు. అది ట్యూరింగ్ తరం నుంచే ఉంది. నీ 1650 ట్యూరింగ్, అందుకని ఉబుంటు దానికి ఓపెన్ వేసింది, అది హాయిగా నడిచింది. 1050 టీఐ ఒక తరం వెనక. దాంట్లో ఆ ప్రాసెసర్ లేదు, డ్రైవర్ ఎక్కనంది. ఎన్విడియా ప్యాకేజీ ఉన్నంతకాలం లైనక్స్‌తోపాటే వచ్చే నోవో డ్రైవర్‌ని బ్లాక్‌లిస్టులో పెడుతుంది కాబట్టి అదీ రాలేదు. 'ఇన్ యూజ్' లైను లేకపోవడానికి కారణం ఇదే. ఇందులో కార్డుది ఏ తప్పూ లేదు.

చెయ్యాల్సింది ఇంతే. ముందు ఉన్నవి తీసెయ్. సుడో ఆప్ట్ పర్జ్ పెట్టి ఎన్విడియా, లిబ్‌ఎన్విడియా, లైనక్స్-మాడ్యూల్స్-ఎన్విడియా అని మొదలయ్యే ప్యాకేజీలన్నీ. వై కొట్టేముందు ఏమేం తీస్తానంటోందో జాబితా చదువు. దాంట్లో ఉబుంటు-డెస్క్‌టాప్ లాంటిది కనపడితే ఆగి నన్నడుగు. తర్వాత ఒకసారి రీస్టార్ట్ చెయ్. నోవో వచ్చి తెర పూర్తి రిజల్యూషన్‌కి వెళ్తుంది. అది చూస్తే షాపాయన మాట మీద నీకున్న అనుమానం కూడా పోతుంది. నోవోతోనే సరిపెట్టుకుందామనుకోకు, పాస్కల్ కార్డుల్ని అది పూర్తి వేగానికి ఎక్కించలేదు, ఎన్‌వెంకూ రాదు.

ఆ తర్వాత: సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్ ఎన్విడియా:580. పేరు చివర ఓపెన్ ఉండకూడదు. మౌసుతో చేసుకుంటానంటే 'అడిషనల్ డ్రైవర్స్'లో కూడా ఉంటుంది, అక్కడ మాత్రం పేరు చివరిదాకా చదివి టిక్ పెట్టు.

ఉబుంటు-డ్రైవర్స్ అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, అది ఉబుంటు వాళ్లు ముందే కట్టి సంతకం చేసిన మాడ్యూల్ తెస్తుంది. ఉత్త ఆప్ట్ ఇన్‌స్టాల్ కొడితే డీకేఎమ్‌ఎస్ దిగి నీ మిషన్‌లోనే మాడ్యూల్ కడుతుంది. నమ్మిన సంతకం లేని మాడ్యూళ్లని ఆపే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే అప్పుడు ఇంకో తంతు మొదలవుతుంది.

వైజాగ్_1060:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి గురూగారూ. నాది విండోస్ 10, జీటీఎక్స్ 1060. నాకూ ఇలాగే అవుతుందా? పాత డ్రైవర్‌ని తుడిచే డీడీయూ టూల్‌తో ప్రతిసారీ తుడవాలా?

పాత_మదర్‌బోర్డు:

విండోస్‌లో ఈ ఓపెన్, మూసిన గొడవ లేదండి. మీ 1060 కూడా పాస్కలే కాబట్టి మీకూ 580 శాఖే. కొత్త ఆటల కోసం వచ్చే గేమ్ రెడీ డ్రైవర్లు ఈ తరానికి 2025 అక్టోబర్‌తో ఆగాయి. 2028 అక్టోబర్ దాకా మూణ్ణెల్లకోసారి సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం ఇస్తామన్నారు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ కూడా 2025 అక్టోబర్ 14నే అయిపోయింది, అది వేరే సంగతి.

డీడీయూ ప్రతి అప్‌డేట్‌కీ అక్కర్లేదు. యూట్యూబ్ వీడియోల పుణ్యమా అని అందరికీ అదో ఆచారమైపోయింది. ఏఎమ్‌డీ తీసి ఎన్విడియా పెట్టినప్పుడో, ఇన్‌స్టాలర్ మధ్యలో చచ్చినప్పుడో వాడండి. వాడేటప్పుడు ముందు డ్రైవర్ ఫైలు దింపి పెట్టుకుని, ల్యాన్ వైరు పీకేసి, సేఫ్ మోడ్‌లోకి వెళ్లండి. వైరు పీకకపోతే మీరు తుడిచి రీస్టార్ట్ చేసేలోపు విండోస్ అప్‌డేట్ తనకు నచ్చిన డ్రైవర్ తెచ్చి ఎక్కించేస్తుంది.

జగిత్యాల_లైవ్:

అన్నా, పర్జ్ చేసి రీస్టార్ట్ కొట్టంగనే 1920 బై 1080 వచ్చేసింది! షాపాయనకు ఫొటో తీసి పంపిన.

ఇగ రెండో పని మా తమ్ముడు చేసిండు. వాడు నీ కమాండు కాకుండ ఆప్ట్ ఇన్‌స్టాల్ ఎన్విడియా-డ్రైవర్-580 కొట్టిండు. మధ్యల పాస్‌వర్డ్ పెట్టుమన్నది, పెట్టిండు. రీస్టార్ట్ అయినప్పుడు నీలం తెర ఏదో వస్తది అని చదివినం గాని, మా మానిటర్ మేల్కొనుడుకే టైం పడ్తది, అది వెలిగేసరికి ఉబుంటు లోడ్ అయితున్నది. ఇప్పుడు డ్రైవర్ ఎక్కియ్యనీకి మోడ్‌ప్రోబ్ ఎన్విడియా కొడితే 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అంటుంది. లైసెన్స్ మాత్రం ఎన్విడియా అనే చూపిస్తుంది.

పాత_మదర్‌బోర్డు:

ఇదే నేను చెప్పిన తంతు. భయం లేదు, డ్రైవర్ సరైనదే దిగింది. నీ మిషన్ మీద కట్టిన మాడ్యూల్‌కి మీ మిషన్ కీతోనే సంతకం పెట్టింది, ఆ కీని నమ్మాలని బోర్డుకి ఇంకా ఎవరూ చెప్పలేదు. సెక్యూర్ బూట్ ఒప్పుకోలేదు.

ముందు ఆ నీలం తెర నీ కోసం ఆగేలా చెయ్యి: సుడో మాక్‌యుటిల్ --టైమౌట్ -1. మామూలుగా అది పది సెకన్లు చూసి వెళ్లిపోతుంది, ఇలా పెడితే నువ్వు కీ నొక్కేదాకా కూర్చుంటుంది. తర్వాత సుడో మాక్‌యుటిల్ --ఇంపోర్ట్ అని పెట్టి, వార్ కింద లిబ్, దాని కింద షిమ్-సైన్డ్, దాని కింద మాక్ ఫోల్డర్‌లో ఉన్న ఎమ్‌ఓకే డాట్ డీఈఆర్ ఫైలు (ఆ కీ ఇందులోనే ఉంటుంది) దారి ఇవ్వు. పాస్‌వర్డ్ అడుగుతుంది. అది ఒక్కసారి వాడేదే, ఎనిమిది అంకెలు పెట్టుకున్నా చాలు.

రీస్టార్ట్ చేస్తే నీలం తెర. ఏదో ఒక కీ నొక్కు. 'ఎన్‌రోల్ ఎమ్‌ఓకే', 'కంటిన్యూ', 'యెస్', పాస్‌వర్డ్, 'రీబూట్'. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా కనపడవు, కీబోర్డు పనిచెయ్యట్లేదేమోనని మళ్లీ మళ్లీ కొట్టకు. 'కంటిన్యూ బూట్' మీద ఎంటర్ నొక్కితే మాత్రం మళ్లీ మొదటికి.

సెక్యూర్ బూట్ ఆపేస్తే పోలేదా అని ఎవరో ఒకరు అంటారు. పోతుంది. కానీ ఒకసారి కీ చేర్చుకుంటే రేపు కెర్నల్ మారినా డీకేఎమ్‌ఎస్ అదే కీతో సంతకం పెట్టుకుంటుంది, నిన్ను మళ్లీ అడగదు. కెర్నల్ హెడర్ల ప్యాకేజీ మాత్రం ఎప్పుడూ ఉండేలా చూసుకో, అవి లేకపోతే కట్టడానికి దానికి సరుకు ఉండదు.

కూకట్‌పల్లి_రెండర్:

నాకు సరిగ్గా ఉల్టా అయింది. ఆర్టీఎక్స్ 5060 కొని అలవాటు కొద్దీ మూసిన డ్రైవర్ వేశాను, ఎన్విడియా-ఎస్‌ఎమ్‌ఐ 'నో డివైసెస్ వర్ ఫౌండ్' అంది. 50 సిరీస్‌కి ఓపెన్ ఒక్కటే పనిచేస్తుందట.

పాత_మదర్‌బోర్డు:

అవునండి, మీ 50 సిరీస్ తరం బ్లాక్‌వెల్‌కి మూసిన మాడ్యూల్ అసలు లేదు. పాస్కల్, అంతకు ముందువి మూసినదే. మధ్యలో ట్యూరింగ్, ఆంపియర్, ఏడా మూడింటికీ రెండూ నడుస్తాయి.

జగిత్యాల_లైవ్:

అన్నా అయిపోయింది! నీలం తెర ఆగింది, నువ్వన్నట్టే చేసినం. ఎన్విడియా-ఎస్‌ఎమ్‌ఐల కార్డు పేరు, 4 జీబీ మెమరీ అన్నీ వచ్చినయి. ఓబీఎస్‌ల ఎన్‌వెంక్ హెచ్264 వచ్చింది, రెండు కెమెరాలు పెట్టి టెస్ట్ లైవ్ ఇస్తే సీపీయూ మీద బరువే లేదు.

రెండు ముచ్చట్లు అడుగుత. ఈ కార్డుతోని లైవ్ క్వాలిటీ 1650 కంటే తగ్గుతదా? అది రిపేరై వస్తే మళ్ల ఇదంత ఉల్టా చెయ్యాల్నా?

పాత_మదర్‌బోర్డు:

నీ దగ్గరున్నది మొదట వచ్చిన రకం 1650 అయితే దాంట్లో ఎన్‌వెంక్ ట్యూరింగ్‌ది కాదు, అంతకు ముందు వోల్టాది. అందరూ ట్యూరింగ్ అనుకుని కొన్నారు, ఆ విషయంలో చాలామంది తిట్టుకున్నారు కూడా. కాబట్టి యూట్యూబ్ లైవ్‌కి హెచ్264లో పెద్ద తేడా నీకు తెలీదు.

1650 వస్తే ఏమీ చెయ్యక్కర్లేదు. మూసిన 580 దాన్నీ నడుపుతుంది. కార్డు మార్చి ఆన్ చెయ్, అంతే. అడిషనల్ డ్రైవర్స్‌లో 590 అనో, చివర ఓపెన్ ఉన్నదాన్ని రికమెండెడ్ అనో చూపిస్తే మాత్రం ఈ 1050 టీఐ లోపల ఉన్నంతకాలం టిక్ పెట్టకు. మీ తమ్ముడికీ చెప్పు. ఆదివారం లోపు ఇంకే అప్‌డేట్లూ కొట్టకండి, ఏదైనా ఉంటే సోమవారం చూసుకుందాం.